పెళ్లికూతుర్ని మించకూడదని కట్టుకున్న చీర

నేను ఒక తెల్ల నూలు చీరని, అంచు ఎరుపు, అంతే నా అందం. కానీ నన్ను నేసినాయన మామూలుగా కట్టుకోడానికి నెయ్యలేదు, మధుపర్కాల కోసం నేశాడు. పెళ్లిలో జీలకర్రా బెల్లం అయ్యాక పెళ్లికూతురు పట్టుచీర మార్చుకుని ఒక తెల్లచీర కట్టుకుంటుంది చూడండి, అది నేను. నాకు జతగా పెళ్లికొడుక్కి ఒక పంచె కూడా ఉండేది, కొట్లో ఎవరో దాని మీద టీ ఒలకబోశారు. జత పోయిన మధుపర్కాలు ఎవరు కొంటారు? అందుకని కొట్టాయన నన్ను హైదరాబాద్ తెచ్చి ఎగ్జిబిషన్‌లో కాటన్ చీరల కుప్పలో పడేశాడు. మనుషులు పక్కన ఏముందో చూసి మనమేంటో తేల్చేస్తారు కదా, నేను ఆఫీసు చీర అయిపోయాను.

కొనుక్కుంది స్ఫూర్తి. హైదరాబాద్‌లోనే పుట్టి పెరిగింది, తనకి తెలిసిన పెళ్లిళ్లన్నీ రిసెప్షన్లే, ఫొటో దిగడం, తినడం, ఇంటికొచ్చెయ్యడం. అలాంటిది ప్రాణస్నేహితురాలు లహరి పెళ్లి వచ్చింది, తెనాలిలో. లహరికి అక్కచెల్లెళ్లు లేరు. "తాళి కట్టేటప్పుడు నా జడ నువ్వే ఎత్తి పట్టుకోవాలే, ఇంకెవర్నీ పట్టుకోనివ్వను" అని ముందే చెప్పేసింది. స్ఫూర్తి ఆ మాట, ఆఫీసుకి దగ్గరని తనుంటున్న హాస్టల్లో కనపడిన వాళ్లందరికీ చెప్పింది, నాకైతే వినీ వినీ బట్టీ వచ్చేసింది.

మరి ఏం కట్టుకోవాలి? బట్టలన్నీ మంచం మీద పరిచేసింది. రూమ్మేట్ ఫర్హీన్ గోడకి ఆనుకుని చిప్స్ తింటూ, "లెహంగా వేస్కో" అంది.

"అన్ని అద్దాలున్నాయి దానికి, పెళ్లికూతురు నేనే అనుకుంటారు."

"మీ మమ్మీ పట్టుచీర?"

"అదీ ఎక్కువేనే. ఫొటోల్లో లహరి వెనకే ఉంటాను కదా, దానికంటే నేను ఎక్కువ కనిపించకూడదు."

"అయితే ఈ తెల్లది కట్టు. దీంట్లో నిన్నెవరూ చూడరు."

అప్పుడైనా నేనేదైనా చెయ్యాల్సింది. ముడతలు పడొచ్చు, భుజం మీంచి జారొచ్చు, మాకు చేతనైనవి అవే కదా. చెయ్యలేదు. జన్మలో ఒక్కసారి పెళ్లి చూడాలని ఆశ నాకు. కుచ్చిళ్లతో సహా గీత గీసినట్టు కుదిరిపోయాను. ఇప్పుడు తలుచుకుంటే సిగ్గుతో చచ్చిపోతాను.

రైలు లేటు. మేం హాలుకి వెళ్లేసరికి జీలకర్రా బెల్లం అయిపోయింది, లహరి చీర మార్చుకోడానికి గదిలోకెళ్లింది. స్ఫూర్తి తలుపు కొడితే, "వస్తున్నాం, నువ్వు మండపం దగ్గరకి పద" అని లోపల్నించే అరిచారు. సరేనని అటు తిరిగి నడిచింది, అంతే, ఫొటోగ్రాఫర్ లైటు మా మీద పడింది, సన్నాయాయన పాట ఎత్తుకున్నాడు, ముందు వరసలో ఒక ముసలావిడ అక్షింతలు కూడా వేసేసింది. స్ఫూర్తికి ఏం అర్థం కాక అలాగే నవ్వుతూ నడుస్తోంది పాపం. మండపం దాకా వెళ్లాక పెళ్లికొడుకు మేనత్త బుగ్గ నొక్కుకుని, "ఏవమ్మా, మావాడికి ఇద్దర్ని మాట్లాడారని మాకు చెప్పనే లేదే" అంది. హాలంతా నవ్వు. స్ఫూర్తి వెనక్కి చూస్తే మేనమామ పక్కన లహరి తలొంచుకుని వస్తోంది. తెల్లచీర, ఎర్రంచు.

స్ఫూర్తి పరిగెత్తుకెళ్లి ఆ గదిలోనే దాక్కుంది. కాసేపటికి లహరి మేనత్త భానుమతిగారు రొప్పుతూ వచ్చారు.

"ఇక్కడున్నావా తల్లీ, అక్కడ అది మెడ తిప్పి తిప్పి నీకోసం చూస్తోంది."

"ఈ చీరతో నేను రాను ఆంటీ."

"ఏం కాదులే, పైన ఈ శాలువా కప్పుకో."

"అందరూ నవ్వుతారు ఆంటీ, రాను."

"సరే, నా సూట్‌కేసులో నీలం చీరుంది, కట్టుకుని రా. పంతులుగారు సూత్రాలు చేతిలోకి తీసుకున్నారమ్మా, తొందరగా."

నీట్‌గా ఉండాలని పొద్దున్న నాకు తొమ్మిది పిన్నులు పెట్టింది. తొందరలో అవి చేతికి దొరకట్లేదు. నాలుగో పిన్ను దగ్గర ఉండగా బయట గట్టిమేళం మోగింది. డోలు దెబ్బకి గది తలుపు కూడా అదిరింది. సగం ఊడి సగం ఒంటి మీద ఉన్న నన్ను గుప్పిట్లో పట్టుకుని, మేళం ఆగేదాకా అలాగే నిలబడింది.

నన్ను తిట్టలేదు. ఇస్త్రీ చేయించి మరీ దాచింది. తిడితే బావుండేది.

ఐదు నెలలకి లహరి హాస్టల్‌కొచ్చింది. స్ఫూర్తి నన్ను తీసి లహరి ఒళ్లో పెట్టి, "ఇది నువ్వే తీస్కో, ఈ చీర వల్ల నీ పెళ్లిలో నవ్వులపాలయ్యాను" అంది.

లహరి నన్ను అటూ ఇటూ తిప్పి చూసింది. "నువ్వేం కట్టుకున్నావో నేను చూడనే లేదే. తాళి కట్టేటప్పుడు తల దించుకునున్నా. వెనకెవరో జడ ఎత్తారు, గాజులు గుచ్చుకున్నాయి, నువ్వు గాజులెయ్యవు కదా. అప్పుడు తెలిసింది నువ్వు రాలేదని."

స్ఫూర్తి నన్ను వెనక్కి తీసుకుని మడత పెట్టడం మొదలుపెట్టింది. అంచులు కలవలేదు. విప్పి మళ్లీ పెట్టింది.