నాలుగు బొమ్మల జడ కథ

ఆ పిల్ల అసలు పేరు హాజరుపట్టీలో తప్ప ఎక్కడా వినపడదు. ఇంట్లోనూ బడిలోనూ అందరికీ వాగుడుకాయే. మాటలు కోటలు దాటుతాయి, పెన్సిలు మాత్రం గడప దాటదు. కాగితం ముందు కూర్చుంటే చాలు, అక్షరాలు ఒకదాని చోట్లోకి ఒకటి జరిగిపోయేవి. బద్ధకం అన్నవాళ్లు అన్నారు, మొద్దు అన్నవాళ్లు అన్నారు. అనేవాళ్లకేం, నోటికి పన్ను కట్టాలా?

కొత్తగా వచ్చిన టీచరు మాత్రం అలా అనలేదు. "దీన్ని డిస్లెక్సియా అంటారు. తెలివికీ దీనికీ సంబంధం లేదండీ" అని వాగుడుకాయను చూసుకునే పిన్నికి చెప్పి, పిల్ల చేతికి ట్యాబ్ ఇచ్చింది. ఆమె పద్ధతి ఒకటే. ముందు కథ నోటితో చెప్పి రికార్డు చెయ్యాలి. తర్వాత బొమ్మలు వెయ్యాలి. ఆపైన తన గొంతు తనే వింటూ ఒక్కో బొమ్మ కింద ఒక్కో వాక్యం టైపు చెయ్యాలి.

వాగుడుకాయకు కథ వెతుక్కునే పని లేదు. అమ్మ దూరాన బట్టల ఫ్యాక్టరీలో కుట్టుపనికి వెళ్లినప్పటినుంచీ ఆ పిల్ల మనసంతా అక్కడే. పిన్ని ఏ లోటూ రానివ్వదు. అయినా పిన్ని అమ్మ కాదు గదా. తంటాలు పడి, చెరిపి, మళ్లీ విని, నాలుగు బొమ్మల కింద నాలుగు వాక్యాలు నిలబెట్టింది.

అమ్మ జడ గట్టిగా వేస్తుంది. నొప్పి పుడుతుంది. పిన్ని మెల్లగా వేస్తుంది. నాకు నొప్పే కావాలి.

ఏనుగెక్కినంత సంబరం. ఆ సంబరంలోనే ఒక పని చేసింది. గొంతు ఉంటే మళ్లీ వాగిందే అనుకుంటారని రికార్డంతా తీసేసి, బొమ్మలూ రాతా మాత్రం పిన్ని ఫోన్లోంచి అమ్మకు పంపింది.

అమ్మ ఫోన్ చేసినప్పుడల్లా "తిన్నావా, బడికెళ్లావా" అంటుందే గానీ కథ ఊసెత్తదు. అన్నీ తప్పులే రాశానేమోనని పిల్ల నోరు మూతపడింది. అది గలగలా మాట్లాడని ఇంట్లో పిన్నికి ముద్ద దిగలేదు.

చివరికి ఉండబట్టలేక పిన్నే ఫోన్ చేసింది.

"అక్కా, పిల్ల నీ మాట కోసం మొహం వాచిపోయి ఉంది. చదివావా లేదా?"

స్పీకర్లో కుట్టుమిషన్ల మోత మధ్య అమ్మ గొంతు వినిపించింది.

"బొమ్మలు చూశానే. రాత నా వల్ల కాలేదు. చిన్నప్పటినుంచీ నాకు అక్షరాలు నిలవవని నీకు తెలుసుగా. పక్కవాళ్లచేత చదివించుకుందామంటే మనసొప్పలేదు. అది నాకు రాసింది గదా."

వాగుడుకాయ ఫోన్ లాక్కుంది. "అమ్మా, మళ్లీ నా గొంతుతో చెప్పి పంపనా?"

"పంపమ్మా. నువ్వు చెబుతుంటే చూసి చదువుకుంటా."

పంపింది. అమ్మ సెలవురోజున బదులుగా ఒక రికార్డు వచ్చింది. పలకరింపు లేదు, ఏమీ లేదు. అమ్మ చదువుతోంది. మాట మాటకీ ఆగి, వెనక్కి వెళ్లి, మళ్లీ పట్టుకుంటోంది. పిల్ల ఎక్కడెక్కడ తడబడిందో అమ్మా అక్కడే తడబడింది. మూడు వాక్యాలు ఎలాగో నెట్టుకొచ్చింది. నాలుగోదాంట్లో "నాకు నొప్పే" దాకా వచ్చి ఆగిపోయింది.

"ఆ ఒక్క మాటా రాలేదు పాపం" అంది పిన్ని.

పిల్ల ఫోన్ చెవికి ఆనించుకుంది.

"వచ్చింది పిన్నీ. ఏడుస్తోంది."