ఓడినవాడి చిందు

గిల్గిత్‌లో కాశ్మీరు డోగ్రా రాజు జెండా దిగిందన్న కబురు మా లోయకు ముందుగా ఎవరు తెచ్చారన్నది ఇప్పటికీ తేలలేదు. మా మావగారు నియత్ వలీ తన తండ్రే మంచులో కనుమ దాటి నడిచొచ్చి చెప్పాడంటాడు. నది అవతలి ఊరి గౌహర్ షా తన తండ్రి గుర్రం మీద తెచ్చాడంటాడు. చూసినవాళ్లంతా మట్టిలో కలిసిపోయారు. నిజం అల్లాకే తెలియాలి.

అందుకని ఏటా నవంబరు ఒకటిన, ఆ జెండా దిగిన మా గిల్గిత్ స్వాతంత్ర్య దినం నాడు, రెండు ఊళ్లకూ పోలో పోటీ పెడతారు. ఓడిన జట్టు నాయకుడు గెలిచినవాళ్ల ముందు చిందెయ్యాలి. డప్పు ఆగాక గెలిచిన నాయకుడు మైకు పట్టుకుని ఆ కబురు కథ తన ఊరి లెక్కన చెబుతాడు.

ఆ ఏడు మా పిల్లలకు కథలు బుర్రకెక్కే వయసు వచ్చింది. మా జట్టు నాయకుడైన మావయ్య పొద్దున్నే గుర్రానికి జీను బిగిస్తూ మా ఆవిడ నుమాతో అన్నాడు.

"నా మనవలు వాడి గుర్రం కథ విన్నారంటే, మా నాన్న నడిచిన దారి ఇక ఉండదే నుమా."

"ముందు నువ్వు గుర్రం మీద నిటారుగా కూర్చో బాబా" అంది మా ఆవిడ, టీ గిన్నె అందిస్తూ.

ఆట ఎనిమిదికి ఎనిమిదిగా నిలిచింది. తొమ్మిదో గోలు కొట్టినవాడిదే గెలుపు. బంతి మావయ్య కర్ర దగ్గరే ఉంది. ఇంతలో గాలికి ఆయన ఉన్ని టోపీ లేచిపోయింది. అంతమంది పెద్దల ముందు వట్టి తలతో ఎలా? పక్కకు వంగి టోపీని గాలిలోనే అందుకున్నాడు. బంతిని అవతలి జట్టు నాయకుడు గౌహర్ షా అందుకున్నాడు.

"టోపీ గెలిచావులే బావా!" అని అరిచాడు గౌహర్ షా, గోలు కొట్టి.

సన్నాయి, డప్పులు మొదలయ్యాయి. మావయ్య గుర్రం దిగి, చేతులు చాచి మెల్లగా తిరగసాగాడు. జనం ఈలలు వేశారు. గౌహర్ షా మైకు తుడుచుకుని నిలబడ్డాడు. మావయ్య ఆగలేదు. చిందేసేవాడు తనంతట తాను ఆగేదాకా డప్పు ఆపకూడదు, డప్పు మోగుతుండగా ఎవరూ కథ ఎత్తకూడదు. అది మా తాతల నాటి కట్టుబాటు. మావయ్య ఎత్తు అప్పటికి నాకు అర్థమైంది.

"చాలు, ఆపరా!" అన్నాడు గౌహర్ షా.

"ఓడిన బాధ ఇంకా తీరలేదు బావా!"

డప్పులవాళ్లు చెమటలు కక్కుతున్నారు. మా పిల్లలు గోడెక్కి చప్పట్లు కొడుతున్నారు. చివరికి గౌహర్ షా మైకు కింద పెట్టి, చెయ్యి పట్టి లాక్కొద్దామని బరిలోకి దిగాడు. మావయ్య ఆ చెయ్యి వదల్లేదు. ఇద్దరూ తిరిగారు. రెండో చుట్టుకి గౌహర్ షా భుజాలు వాటంతటవే ఊగాయి. మూడో చుట్టుకి నవ్వాడు.

అప్పుడే మసీదు నుంచి అసర్ అజాన్, పొద్దు వాలే వేళ నమాజు పిలుపు, వినిపించింది. డప్పులు ఠక్కున ఆగాయి. ఎవరి తండ్రి కథా ఎవరూ చెప్పకుండానే అందరం నమాజుకు నడిచాం. ఒక్క వరసలో వాళ్లిద్దరూ పక్కపక్కన రొప్పుతూ నిలబడ్డారు. అబద్ధమాడినవాడెవడైనా సరే క్షమించమని దేవుణ్ణి అడిగాను. ఇద్దరి నాన్నలూ అదే రోజు బయలుదేరి ఉండకూడదా అనీ అనిపించింది.

నమాజు అయ్యాక గౌహర్ షా మోకాళ్లు పట్టుకుని లేచాడు.

"వచ్చే ఏడైనా గెలిచి చావు. నీ కథ నువ్వు చెప్పుకో, నేను వింటాను."

"నేను గెలిస్తే నువ్వు చిందేస్తావు. సాయంత్రం దాకా ఆపవు. నాకు తెలీదా?" అన్నాడు మావయ్య.