చూపుకా, కోతకా

మా దుకాణంలో రంపం కొనడానికి వచ్చినవాళ్లను నేను ముందు అడిగేది ఒకటే. "చూపుకా, కోతకా?"

నలభై యాభై ఏళ్ల కిందటి పెట్రోలు రంపాలు మావి. పాత షెడ్లలో తుప్పుపట్టి పడున్నవాటిని కొని, విప్పి, కడిగి, మళ్లీ మోగేలా చేసి అమ్ముతాం. బలంలో ఇప్పటివి వాటి ముందు దిగదుడుపే. కానీ వాటికి చెయిన్ బ్రేకు ఉండదు. కొస దేనికైనా తగిలిందంటే రంపం ఎగిరి మనిషి మీదికే వస్తుంది, చెయిన్ మాత్రం ఆగదు. అందుకే అద్దాల బీరువాలో పెట్టుకునేవాళ్లకే అమ్ముతాం. కోతకైతే బేరమే లేదు. ఆ నియమం మా అన్నయ్యది. భుజం నుంచి దవడ దాకా ఉన్న మచ్చ కూడా అన్నయ్యదే.

ఆ మచ్చ చేసిన రంపాన్నే ఎనిమిది నెలలు కూర్చుని బాగుచేశాడు. "దాని తప్పేముందిరా, తొందర నాది" అనేవాడు. సోమవారం దాన్నొక తెల్లచొక్కా ఆయన కొన్నాడు. "చూపుకేనండీ, హాల్లో పెట్టుకుంటా" అన్నాడు. నలగని ఇస్త్రీ చూసి బోల్తా పడ్డాను.

గురువారం పొద్దున ఫోన్ చేశాడు.

"పెట్రోల్లో నూనె ఎంత కలపాలండీ?"

హాల్లో పెట్టుకునేవాడికి నూనెతో పనేంటి?

"కోస్తారా ఏంటి?"

"పెరట్లో చెట్టు పడిందండీ, లారీ చక్రమంత లావు. ఈ ఒక్కసారికే."

"వద్దండీ బాబూ! దానికి బ్రేకు లేదు. మా అన్నయ్య దవడ చూశారుగా!"

"నేను జాగ్రత్తగల మనిషిని లెండి. మీరు చెప్పకపోతే ఇంకో మెకానిక్ చెప్తాడు."

నాకు ఒళ్లు మండింది. భయమూ వేసింది. ఫోన్ స్పీకర్లో ఉంది, అన్నయ్య నా వైపే చూస్తున్నాడు.

"నూనె అక్కర్లేదు," అన్నాను. "ఉత్తి పెట్రోలు పొయ్యండి. ముందు చెయిన్ తీసేసి, నేలమీద పెట్టి, ఐదు నిమిషాలు ఫుల్లుగా రేజ్ చెయ్యండి. ఇంజిన్ వేడెక్కాలి."

నూనె లేకపోతే పిస్టన్ పట్టేసి ఇంజిన్ చచ్చిపోతుంది. ముప్పై ఏళ్లలో ఎవరికీ తప్పు పాళ్లు చెప్పినవాణ్ని కాదు. అన్నయ్య నన్ను ఆపలేదు.

కాసేపటికి ఫోన్లో మోత మొదలైంది. అన్నయ్య కళ్లు మూసుకుని విన్నాడు. "ఎంత బాగా మోగుతోందిరా" అన్నాడు. మూడో నిమిషంలో మోత బరువెక్కి, కీచుమని ఆగిపోయింది. అన్నయ్య ముఖం చూడలేకపోయాను.

"ఆగిపోయిందండీ! తాడు లాగినా కదలట్లేదు. నేనేం తప్పు చేశాను?"

ఆ మాటకు నాకు సిగ్గేసింది. దాచాలనిపించలేదు.

"మీ తప్పేం లేదు. నూనె వద్దని నేనే అబద్ధం చెప్పాను. మీరు కొయ్యకూడదనే. మీ డబ్బు మీకిచ్చేస్తాం."

"పోయినేడు మా బావమరిది మీ దగ్గరే ఇంకోటి కొన్నాడు. కాస్త చిన్నది. అదీ మా ఇంట్లోనే ఉంది. దాని మూతమీద నూనె పాళ్లు రాసే ఉన్నాయి. దాంతో కోసుకుంటా."

"దానికీ బ్రేకు లేదండీ! అదీ ఎగురుతుంది! నా మాట నమ్మండి, నిజం చెప్తున్నా!"

"ఇందాక నమ్మాగా," అని పెట్టేశాడు.

అన్నయ్య అప్పటికే వ్యాను తాళాలు తీసుకున్నాడు. రసీదు పుస్తకంలో ఆయన చిరునామా ఉంది. ముప్పావుగంట దూరం. అన్నయ్య నడుపుతుంటే నేను ఫోన్ చేస్తూనే ఉన్నాను. రింగవుతోంది, ఎత్తడం లేదు.

"కోపంతో ఎత్తట్లేదేమో అన్నయ్యా."

"రంపం మోతలో వినపడదురా," అన్నాడు అన్నయ్య. "అయినా చెయ్యి."