రోసెండా అత్త ఎక్కిన పడవ

సముద్రం ఒడ్డునున్న మా ఊరు కార్పింటేరియాలో ఏ ఇంటి గుమ్మం పక్కన చూసినా ఒక నూనె సీసా, ఒక పాత గుడ్డ ఉంటాయి. ఒడ్డున నడిచొచ్చిన వాడి అరికాళ్లకు తారు అంటకుండా ఉండదు. అది భూమిలోంచి దానంతటదే ఊరుతుంది. మా చూమాష్ తెగ పెద్దలు ఆ తారుతోనే పలకల పడవల సందులు పూడ్చేవారు. గుర్రాల మీద వచ్చిన స్పెయిన్ సిపాయిలు ఆ పని చూసి ఈ చోటుకు కార్పింటేరియా, అంటే వడ్రంగి కొట్టు, అని పేరు పెట్టిపోయారు. పేరు మిగిలింది, పడవ మిగల్లేదు. నిమ్మతోటలొచ్చాయి, రైలొచ్చింది, అలల మీద ఆడుకునే పలకలు అమ్మే కొట్లొచ్చాయి. మా వాళ్లు తోటల్లో కూలికి పోయారు.

పోయినేడు మా తమ్ముడు ఫెర్మిన్ అలాంటి పడవొకటి కట్టాడు. వాడు ఇళ్ల కప్పులకు తారు వేసే పనివాడు. "తారు సంగతి నాకా చెప్పేది?" అని విర్రవీగి, కాళ్లకంటుకునే ఆ మెత్తటి తారే తెచ్చి సందుల్లో కూరాడు. ఎండకు అది జారిపోయింది. ఊరంతా చూస్తుండగా పడవ మోకాలి లోతులో మునిగింది. జనం నవ్వారు. మా నాన్న అక్క రోసెండా అత్త మాత్రం ఇంటికెళ్లిపోయింది. పడవెక్కి సముద్రంలోకి వెళ్లాలన్నది ఆవిడ ఏళ్లనాటి కోరిక. ఎనభై దాటిన మనిషి, ఇంకెన్నాళ్లు ఎదురుచూస్తుంది?

ఈ ఏడు ఫెర్మిన్ మళ్లీ పని మొదలెట్టగానే అత్త కుర్చీ తెచ్చుకుని ఎదురుగా కూర్చుంది.

"ఈసారి నేనెక్కుతానురా."

"నీకు ఈత రాదు కదత్తా!"

"రాదు కాబట్టే ఎక్కుతా. నేను కూర్చుంటానని తెలిస్తే నువ్వు ఒళ్లు దగ్గర పెట్టుకుని చేస్తావు."

"పోయినేడు చెయ్యలేదా ఏంటి?"

"చేశావులే. ఇంటి కప్పు చేశావు. పడవకి నీళ్లు పైనుంచి రావురా సన్నాసీ."

నేను పగలబడి నవ్వాను.

"నువ్వెందుకే నవ్వుతావు యులాలియా? తెడ్డు వేసేది నువ్వేగా. మునిగితే నీ జుట్టే పట్టుకుంటా."

కొండచరియలో రాయిలా బిగుసుకున్న తారును ఫెర్మిన్ పగలగొట్టి తెచ్చాడు. పైన్ చెట్టు బంకతో కలిపి కాచి, వేడివేడిగా సందుల్లో నింపాడు. అత్త ప్రతి సందూ గోటితో నొక్కి చూసేది. గోరు దిగిన చోట, "ఇది మళ్లీ చెయ్యి," అనేది. పోయినేడు విర్రవీగిన మా తమ్ముడు వెంటనే గీకి, మళ్లీ నింపేవాడు. వాడికి నిజంగా భయం పట్టుకుంది.

పడవను నీళ్లలోకి దింపిన రోజు ఒడ్డున పోయినేడు నవ్విన వాళ్లంతా ఉన్నారు. అత్త చెప్పులు విప్పేసింది.

"నీళ్లొస్తే ముందు నా కాళ్లకే తెలియాలి," అంటూ పడవ మధ్యలో కూర్చుంది.

ముందు ఫెర్మిన్, వెనుక నేను తెడ్లు వేశాం. అలలు దాటాం, నాచు దాటాం. సీల్‌లు తలలు పైకెత్తి మా వెంట ఈదుతూ వచ్చాయి. ఒకచోట సముద్రం అడుగునుంచి బుడగలు పైకి వస్తున్నాయి. నీళ్ల మీద తారు నూనె రంగురంగులుగా పరుచుకుని మెరుస్తోంది. అక్కడ పడవను వెనక్కి తిప్పాం.

పుట్టి పెరిగిన ఊరిని నేనెప్పుడూ ఇటునుంచి చూడలేదు. ఊరంటే ఇంతేనా అన్నట్టు కొట్లూ ఇళ్లూ గుప్పెడంత కనిపిస్తున్నాయి. వాటి వెనుక కొండలు ఆకాశాన్నంతా ఆక్రమించాయి. కింద చరియ నుంచి తారు నల్లగా జారుతోంది. ఏ సిపాయీ రాకముందు మా వాళ్లు రోజూ చూసిన ఒడ్డు ఇది. దాన్ని ఎవరూ చెరపలేకపోయారు.

అంతలో ఫెర్మిన్ వెనక్కి తిరిగాడు. వాడి మొహం పాలిపోయింది. అత్త పాదాల దగ్గర పలక తడిసి ఉంది. తెడ్డు వదిలేసి, వంగి సందులన్నీ వేళ్లతో తడిమాడు.

"అత్తా, కదలకు! ఎక్కణ్ణుంచి కారుతోందో..."

అత్త వాడి తల మీద చెయ్యి వేసింది.

"వెతక్కురా నాయనా. పడవ బాగానే ఉంది. నా కళ్లే ఆగట్లేదు."