గ్రేబిల్ సంతకం ఉన్న బండి

మంచం, పొయ్యితో సహా ఇల్లంతా లోపలే ఉండే గ్రేబిల్ మోటార్‌హోమ్‌లు ఉన్నవాళ్లు ఏటా ఆగస్టులో గోషెన్ సంత మైదానంలో కలుస్తారు. బండ్లు రెండు వరసలుగా నిలబడతాయి. హార్లన్ గ్రేబిల్ తన కంపెనీని అమ్మకముందు తయారైనవి ముందు వరసలో, మేపుల్ చెట్ల నీడన. అమ్మాక తయారైనవి వెనక వరసలో, పందుల షెడ్డు పక్కన. ఇలా నిలబెట్టాలని ఎవరూ రాసి పెట్టలేదు. వెనక వరస వాళ్లు తమంతట తామే వెనక్కి పోయి నిలబెట్టుకుంటారు. మనిషిని పక్కన పెట్టడానికి మనుషులకు పెద్ద కారణం అక్కర్లేదు. బండి పుట్టిన తేదీ చాలు.

ఆ ముందు వరసలో ఒక బండి కొనడానికి మా అక్క నోరీన్, బావ డెల్బర్ట్ వచ్చారు. ఇల్లు అమ్మేశారు. శుక్రవారం తాళాలు ఇచ్చేయాలి. ఆ తర్వాత వాళ్లకు ఇల్లంటే ఈ బండే. అక్కకు ఉబ్బసం. చెమ్మ పట్టిన గోడ పక్కన పడుకుందంటే తెల్లారేసరికి ఛాతీ ఈల వేస్తుంది. అందుకే నేను పని మానుకుని వెంట వచ్చాను. నేను ఆ కంపెనీలోనే పని చేస్తాను. గ్రేబిల్ కింద చేశాను, ఆయన దగ్గర కొన్నవాళ్ల కిందా చేస్తున్నాను. ఇద్దరి మీదా నాకు ప్రేమ లేదు.

బావకు కావలసింది కంపెనీ అమ్మకానికి ముందు చివరి ఏడాది బండి. ముసలాయన గ్రేబిల్ చేతిలోంచి వచ్చిన ఆఖరి బండ్లు అవేనని ఆయన నమ్మకం. ఆయన ఒక్కడే కాదు, మైదానం అంతా నమ్ముతుంది. అందుకు సాక్ష్యం పొయ్యి పైనున్న అరలో ఉంటుంది. అర తలుపు తెరిస్తే లోపలివైపు చెక్క మీద నల్ల సిరాతో హార్లన్ గ్రేబిల్ సంతకం. తయారైన ప్రతి బండిలోకీ ముసలాయన స్వయంగా ఎక్కి, అంతా చూసుకుని, చివర్లో ఆ తలుపు మీద సంతకం పెట్టేవాడు. కొత్త కంపెనీ బండ్లలో అదే చోట ఒక స్టిక్కర్ ఉంటుంది. ముందు వరస వాళ్లు ఇంటికి వచ్చినవాళ్లకు కాఫీ ఇచ్చే ముందు ఆ అర తెరిచి చూపిస్తారు.

అమ్ముతున్నాయన వెండెల్ ఫైక్. స్కూలు బస్సులు నడిపి రిటైరయ్యాడు. మోకాళ్లు అరిగిపోయి, కొకోమో ఊళ్లో కూతురి దగ్గరికి వెళ్లిపోతున్నాడు. భార్య ఓపల్ మెట్ల పక్కన కుర్చీలో కూర్చుని మొక్కజొన్న కండెలు ఒలుస్తోంది. మధ్యాహ్నం ఫోర్ట్ వేన్ నుంచి ఇంకొకాయన చూడ్డానికి వస్తున్నాడని వెండెల్ చెప్పిన దగ్గర్నుంచీ బావ ఒకచోట నిలబడలేదు. టైర్లు తన్నాడు, బండి చుట్టూ తిరిగాడు, జేబులో ఇంటి తాళాలు గలగలలాడించాడు. మళ్లీ మొదటి నుంచి తిరిగాడు.

నాకూ కాలు నిలవలేదు. కారణం వేరు.

ఆ చివరి ఏడాది సంగతి నాకు తెలుసు. అప్పుడు నేను నీళ్ల షెడ్డులో ఉండేదాన్ని. తయారైన బండిని షెడ్డులోకి తోలి, పైనుంచి వానలా నీళ్లు కొట్టి, లోపల ఎక్కడ చుక్క దిగుతుందో చూసేదాన్ని. మా ఫ్యాక్టరీల్లో ఒక పద్ధతుంది. రోజుకు ఇన్ని బండ్లని లెక్క ఇస్తారు. ఆ లెక్క పూర్తయితే ఇంటికి పోవచ్చు, అది ఏ వేళైనా సరే. అందుకే మావాళ్లు నడవరు, పరిగెత్తుతారు. ముసలాయన అమ్మాలని మనసులో అనుకోగానే ఆ లెక్క పెంచేశాడు. కంపెనీ కొనేవాడు గేటు దాటే బండ్లను చూస్తాడు, గోడల లోపలికి తొంగి చూడడు. నీళ్ల షెడ్డు వల్ల ఆలస్యమవుతోందని దాన్ని మూసి, అందులో అమ్మకానికి బండ్లు నిలబెట్టారు. నన్ను కర్టెన్లు కట్టడానికి పంపారు.

కొన్నవాళ్లు వచ్చి ఇంకా తగలేశారు. పల్చటి ప్లైవుడ్ తెచ్చారు, స్క్రూ పడాల్సిన చోట పిన్నులు కొట్టించారు, చివరికి మా కాఫీ మెషీను కూడా పీకేశారు. మొదటి ఏడాది బండ్లు కారిపోతూ తిరిగొచ్చాయి. వాటిని బాగుచేసే ఖర్చు చూసి గుండె ఆగినంత పనై, నీళ్ల షెడ్డు మళ్లీ తెరిచారు. అది ప్రేమ కాదు, భయం. కానీ భయంతో పోసినా నీళ్లు నీళ్లే. ఇప్పుడొచ్చే బండ్లు అందంగా ఉండవు, సొరుగు పిడి లాగితే చేతికొస్తుంది. గోడ మాత్రం పొడిగా ఉంటుంది. పిడి బిగించుకోవచ్చు. కుళ్లిన గోడను ఏం బిగిస్తావు?

ఇదంతా కారులో వచ్చేటప్పుడే చెప్పాను. బావ రేడియో సౌండు పెంచాడు.

నేను ఫ్యాక్టరీలో పని చేస్తానని చెప్పి వెండెల్‌ను అడిగాను, పైపు తెచ్చి పైకప్పు మీద కాసేపు నీళ్లు పోసి చూద్దామని. ఆయన ముఖం ఎర్రబడింది. ముందు వరసలో ఇంతవరకూ ఎవరూ ఆ మాట అడగలేదట. కొత్త వరసలోకి పోయి అడగమన్నాడు. పక్క బండ్ల వాళ్లు నలుగురైదుగురు తింటున్న పళ్లేలు పట్టుకునే చేరారు. కొత్త కంపెనీ జీతం తింటూ పాత కంపెనీ మీద బురద చల్లడానికి వచ్చావా అని ఒకాయన అడిగాడు. జీతం తింటున్నాను, పొగడ్డానికి విడిగా ఇవ్వడం లేదు అన్నాను. ఎవరో నవ్వి ఆపేశారు.

బావ నా మోచెయ్యి పట్టుకుని పక్కకు లాగాడు.

"మరదలా, నీకు ప్రతిచోటా ఒక మేనేజరు కనిపిస్తాడు. ఇది ఫ్యాక్టరీ కాదు. నోరు కట్టేసుకో. ఆయనకు కోపం వస్తే బండి ఫోర్ట్ వేన్ పోతుంది."

"పోనీ బావా. అక్క ఊపిరి పోకుండా ఉంటే చాలు."

"సంతకం ఉంది కదా. ఇంకేం కావాలి నీకు?"

వెండెల్ ఆ మాట అందుకుని అందరినీ లోపలికి రమ్మన్నాడు. పొయ్యి పైన అర తెరిచాడు. అక్క ముందు నిలబడింది. ఆమె వెనక నేను. నల్ల సిరా, కుడివైపు వాలిన అక్షరాలు. ఆ సంతకాన్ని నేనూ ఎన్నోసార్లు చూశాను, షెడ్డులోంచి వచ్చిన తడి బండ్లలో ముసలాయన ఎక్కి పెడుతుంటే. కానీ ఇందులో ఏదో ఎబ్బెట్టుగా ఉంది. ఏమిటో వెంటనే తట్టలేదు. అక్కకే తట్టింది. ఆమె ముప్ఫై ఏళ్లు దర్జీ పని చేసిన మనిషి, కుట్టు మీద కుట్టు పడితే కన్ను అక్కడే ఆగుతుంది.

"ఈ చివరి అక్షరం బందు కిందికి పోయిందేంటి?" అంది.

చూశాను. పేరు తోక సగం దాకా వచ్చి, తలుపు బందు ఇనప రేకు కింద మాయమైంది. రేకు మీద సిరా చుక్క లేదు. రేకు అవతల చెక్క మీద తోక మళ్లీ బయటికి వచ్చింది. అంటే సంతకం ముందు పడింది, బందు తర్వాత బిగించారు. తలుపు బండికి బిగించకముందే, బహుశా బండికి చక్రాలు కూడా లేనప్పుడే, ముసలాయన చెక్కలు కుప్పగా పెట్టించుకుని వరసబెట్టి సంతకాలు చేసేశాడు. బండి ఎక్కలేదు. చూడలేదు.

నీళ్ల షెడ్డు మూశారని నాకు తెలుసు. ఇది తెలీదు.

గట్టిగా చెప్పాను, అందరికీ వినపడేలా. వెండెల్ కళ్లద్దాలు తీసి తుడిచి పెట్టుకుని, చెక్కకు ముక్కు తగిలేంత దగ్గరగా పోయి చూశాడు. పళ్లేలు పట్టుకున్నవాళ్లు ఒక్కొక్కరే మెట్లు దిగిపోయారు. కిటికీలోంచి చూస్తున్నాను. ఎవరి బండిలోకి వాళ్లు ఎక్కారు. ముందు వరస పొడుగునా అర తలుపులు టపటపా తెరుచుకున్న చప్పుడు వినిపించింది. ఒకాయన బయటికొచ్చి, మాది బాగానే ఉంది, బందుకు దూరంగా ఉంది అని అరిచాడు. ఆయనది ఇంకా పాతది. మిగతావాళ్లు బయటికి రాలేదు.

"ఏదో పొరపాటున బందు మార్చి ఉంటారు," అన్నాడు బావ. "ఒక్క తలుపు చూసి..."

"పైపు తీసుకురా వెండెల్," అంది ఓపల్. ఒళ్లోని కండెల బుట్ట పక్కన పెట్టి, ఎప్పుడు లేచి వచ్చిందో, గుమ్మంలో నిలబడి ఉంది.

"ఎందుకే? నీకూ అనుమానమేనా?"

"నాకు అనుమానం లేదు." ఆమె మమ్మల్ని తోసుకుని వెనక్కి, మంచం దగ్గరికి వెళ్లింది. పరుపు మూల ఎత్తింది. గోడకూ పరుపుకూ మధ్య మడిచి దోపిన తువ్వాలు బయటికి లాగింది. దాని అంచు టీ రంగు మరకలతో అట్టలా బిగుసుకుపోయింది. "వాన పడ్డప్పుడల్లా దీన్ని పిండేది నేనే. నీకు చెబితే ఒప్పుకునేవాడివా? గ్రేబిల్ బండి కారదని అందరికీ చెప్పుకు తిరిగే మనిషివి."

"అయితే అమ్మేటప్పుడైనా..." అన్నాడు వెండెల్.

"అమ్మేటప్పుడు చెబుదామనే కూర్చున్నా." అక్కను చూపించింది. "ఈ పిల్ల మెట్లెక్కితేనే ఆయాసపడుతోంది. ఇక్కడ పడుకుంటే బతుకుతుందా?"

వెండెల్ మంచం అంచున కూలబడ్డాడు. ఆయన మోసగాడు కాదు. సంతకాన్ని నమ్మాడు, పక్కలో భార్య పిండుతున్న తువ్వాలును నమ్మలేదు. ముందు వరస అంతా చేసిన పని అదే. కంపెనీ కొన్నవాళ్లను తిట్టారు, అమ్మినవాడికి మొక్కారు.

బావ తువ్వాలు చేతిలోకి తీసుకుని, తిప్పి చూసి, మళ్లీ మడిచి ఓపల్‌కే ఇచ్చాడు. బయటికి దిగాడు. బండి చుట్టూ ఒకసారి తిరిగి, ఆగి, సంచిలోంచి ఏదో పోగొట్టుకున్నవాడిలా నేలకేసి చూశాడు. అక్క ఆయన దగ్గరికి వెళ్లింది. శుక్రవారం ఎక్కడ పడుకుంటాం అని బావ అడిగాడు. మా ఇంట్లో అన్నాను. నీ ఇంట్లో కుక్క వెంట్రుకలు, దానికి పడవు అన్నాడు. నిజమే. అక్క తల వంచుకుని ఊపిరి గుంజుకుంటోంది.

"వెనక వరసలో ఎవరైనా అమ్ముతున్నారా?" అని అడిగింది.

ఉన్నారు. జోలీన్ అని నర్సు, ఆమె బండి అద్దానికి అమ్మకమని కాగితం అంటించి ఉదయం నుంచీ కూర్చుంది. పందుల వాసనలోకి ఒక్కరూ పోయి చూడలేదు. మేం వెళ్లేసరికి గిన్నెలు కడుగుతూ తడి చేతులతో బయటికొచ్చింది. సంతకం లేదండీ మా దాంట్లో, స్టిక్కరే, అని ముందే చెప్పేసింది, ఎవరో తిట్టబోతున్నట్టు.

"స్టిక్కరుతో మాకు పని లేదమ్మా. పైపు ఉందా?" అన్నాను.

అక్కను లోపలికి పంపాను. మంచం మూల, కిటికీ పక్కన, అరచెయ్యి గోడకు ఆనించి కూర్చోమన్నాను. బావ పైపు లాక్కొచ్చి నిచ్చెన పట్టుకున్నాడు. నేను పైకెక్కి నీళ్లు వదిలాను. ముందు వరస నుంచి ఇద్దరు ముగ్గురు వచ్చి దూరంగా నిలబడ్డారు. వాళ్లలో ఒకాయన, ఇందాక నన్ను జీతం గురించి అడిగినాయనే, మీ తర్వాత పైపు ఎవరికి అని అడిగాడు.

బావ ఆగలేకపోయాడు. "తడి తగిలిందా?" అని కిటికీలోకి అరిచాడు. ఊపిరి పీల్చి వదిలేలోగా మళ్లీ, "ఇప్పుడు?"

"డెల్బర్ట్, నువ్వు నోరు మూసుకో," అంది అక్క లోపల్నుంచి. "చుక్క పడితే నాకు వినిపించాలి."

నేను పైపును పైకప్పూ గోడా కలిసే చోటికి తిప్పి, పోస్తూనే ఉన్నాను.