వేసవిలో పుట్టనివారు

కొత్తగా వచ్చిన టీచరమ్మ పిల్లల పుట్టినరోజుల పట్టిక రాస్తూ ఆగిపోయింది. నూట పన్నెండు మందిలో మండు వేసవి మూడు నెలల్లో పుట్టినవారు ఒక్కరూ లేరు. ఆ నెలల్లో పేటకు పురుడే రాలేదా? పట్టపగలే ఆమె ఒళ్ళు జలదరించింది.

ఆయాను అడిగితే కిందికి వేలు చూపింది. గదిలో పరచిన ఇటుకల మీద చిన్న చిన్న పాదాల అచ్చులు.

"వాళ్ళూ వచ్చారమ్మా బడికి. పాదాలొక్కటే వచ్చాయి."

టీచరమ్మ ఆ ఇటుకలు కాల్చిన బట్టీకి వెళ్ళింది. అక్కడ ఏడుగురు పిల్లలు పచ్చి ఇటుకల వరసల మీద మునివేళ్ళతో నడుస్తూ, వాటిని తిరగేస్తున్నారు. మాట లేదు, చప్పుడు లేదు. నీడలు కదిలినట్టు ఉంది. పెద్దవాళ్ళ బరువుకి ఇటుక విరుగుతుందని పిల్లల్నే దింపుతారట.

చివరి వరసలోని పిల్లను చూపించి, "ఎప్పుడు పుట్టిందమ్మా?" అని తల్లిని అడిగింది.

"బట్టీ రాజేసిన మర్నాడు. ఎండలు ముదిరితే పేటంతా ఇక్కడే కాపురం. పురుడూ ఇక్కడే. పుట్టిన చీటీ ఎవరిస్తారు, పొగ ఇస్తుందా?" తల్లి నవ్వింది. "పోయిన వారం తమరే కదా చీటీ లేదని పంపేశారు. ఈ పిట్ట అప్పుడు నా పక్కనే ఉంది."

టీచరమ్మకు ఆ పిల్ల ముఖం ఎంతకీ గుర్తు రాలేదు. కళ్ళెదుట నిలబడ్డ బిడ్డను తాను చూడనే లేదు! చేరికలకు ఆ సాయంత్రమే ఆఖరు.

తల్లినీ పిల్లనూ వెంటబెట్టుకుని పరుగున బడికి వచ్చింది. పెద్ద మాస్టారు కళ్ళద్దాలు సర్దుకున్నారు.

"చీటీ ఏదమ్మా?"

"చీటీ లేదండీ. పిల్ల ఉంది," అంది టీచరమ్మ. "బట్టీలో ఇంకా ఆరుగురున్నారు."

పిట్ట అక్కడ కూడా మునివేళ్ళ మీదే నిలబడింది. మాస్టారు అది గమనించి, తన మంచినీళ్ళ గ్లాసు దాని చేతికిచ్చారు.

"ఏదీ, పళ్ళు చూపించు తల్లీ."

ముందు పళ్ళు రెండు లేవు.

"ఎలక పట్టుకుపోయిందా?"

పిట్ట కిసుక్కుమంది. వచ్చినప్పటి నుంచీ దాని నోట వినబడిన మొదటి చప్పుడు అదే.

"ఆరేళ్ళు నిండాయి. ఇంతకన్నా సాక్ష్యమేం కావాలి?" మాస్టారు పేరు రాసి సంతకం చేశారు. "చీటీ సంగతీ, గడువు సంగతీ నేను చూసుకుంటాను. రేపు ఆ ఆరుగురినీ తీసుకురండి టీచరమ్మా. ఏ కాలంలో పుట్టాలో బిడ్డ ఎంచుకోదు. పుట్టిన బిడ్డను లెక్కలోకి తీసుకోవలసింది మనం. కాగితం లేదని బిడ్డే లేదనుకునే బడి, ఎంతమంది పిల్లలున్నా పాడుబడ్డ ఇల్లే."