నల్ల మాస్కు వద్దన్న రోజు

నేను ఒక నల్ల రబ్బరు మాస్కును. ఆపరేషన్ థియేటర్లో మనిషి ముక్కూ నోరూ కలిపి మూసేదాన్ని. నన్ను చూసి జడుసుకోని రోగి లేడు. ఊపిరి ఆడనివ్వనేమోనని వాళ్ల భయం. ఎంత అన్యాయం! ఒళ్లు తెలియకుండా పడుకున్నంతసేపూ ఆ ఊపిరి అందించేది నేనే కదా.

ఫ్యాక్టరీలో అచ్చు పోసి నన్ను తీశారు. బుగ్గలకు అతుక్కోవడానికి నా అంచు చుట్టూ గాలి నింపిన మెత్తని గొట్టం పెట్టారు. విజయనగరం వైపు ఒక సర్కారు ఆసుపత్రిలో మత్తు డాక్టరు జగన్నాథరాజు గారి చేతికి వచ్చాను. ఆయన ముందు నరంలోకి సూది మందు ఎక్కించేవారు. రోగి ఏదో చెబుతూ చెబుతూ మధ్యలోనే నిద్రపోయేవాడు. అప్పుడు ఒక చేత్తో గడ్డం పైకెత్తి నన్ను ముఖానికి అదిమి, రెండో చేత్తో రబ్బరు సంచి నొక్కేవారు. ఆక్సిజన్‌తో కలిసి తియ్యని వాసన మందు నాలోంచి లోపలికి పోయేది. తెలివి వచ్చాక అందరూ దండం పెట్టేది కోసినాయనకే. మా రాజుగారు ఎవరికీ గుర్తుండేవారు కారు.

ఆయన రిటైరవుతూ నన్ను కొత్త మత్తు డాక్టరు సుభాషిణి చేతిలో పెట్టారు. "ఇది మెత్తగా ఉంటుందమ్మా. నువ్వు మాత్రం ఉండకు" అన్నారు.

ఆమె ఉద్యోగంలో చేరి రెండు నెలలైనా కాలేదు. బియ్యం మిల్లులో బస్తాలు మోసే తవిటినాయుడికి ఆ రోజు పిత్తాశయంలో రాళ్లు తియ్యాలి. పెద్ద సర్జను వరదరాజులు గారు చేతులు కడుక్కుని సిద్ధంగా ఉన్నారు. రాత్రి నుంచి మంచినీళ్లు కూడా ముట్టలేదని తవిటినాయుడు ఒట్టేశాడు. అతని మాట నమ్మితే ఆమె సుభాషిణి ఎందుకవుతుంది! తలుపు దగ్గరున్న అతని భార్య చిన్నమ్మలు దగ్గరకు వెళ్లింది. తిన్నాడా అని అడగలేదు. "పొద్దున్న ఏం పెట్టావమ్మా?" అంది.

"పెద్దగా ఏటీ నేదమ్మా, సద్దన్నం, ఉల్లిపాయ. కాళీ కడుపుతో కోత్తే మడిసి తట్టుకుంతాడేటి?"

సుభాషిణి లోపలికి వచ్చి నన్ను చేతిలోకి తీసుకుంది. వీపు వెనక దాచేసింది.

"ఈరోజు మత్తు ఇవ్వను సార్."

"గుప్పెడు అన్నానికి ఆపరేషన్ ఆపేస్తావా? నేను కొయ్యడం మొదలుపెట్టేనాటికి నువ్వు పుట్టావా అసలు?"

"మత్తులో ఆ అన్నం పైకొచ్చి ఊపిరితిత్తుల్లోకి పోతే తియ్యడం నాకూ చేతకాదు, మీకూ చేతకాదు."

"నీ మీద పైకి రాస్తాను."

"రాయండి సార్. ఏం తిన్నాడో కూడా రాయండి."

వీపు వెనక ఆమె వేళ్లు నా అంచును నొక్కి పట్టాయి. ఆ పట్టు నాకు తప్ప ఎవరికీ తెలియదు. నాకు నోరుంటే ఆ పెద్దాయనను కడిగి పారేసేదాన్ని.

తవిటినాయుడిని వార్డుకు తోశారు. అరగంట తిరక్కుండా అక్కడే భళ్లున కక్కుకున్నాడు. మెతుకు మెతుకుగా, ఉల్లిపాయ ముక్కలతో సహా. మెలకువగా ఉన్నాడు కనుక దగ్గి, ఊసి, నోరు కడుక్కున్నాడు. ఆ సమయానికి నేను ఆ ముఖం మీద ఉండాల్సినదాన్ని. వరదరాజులు గారు వచ్చి చూశారు. పైకి ఏమీ రాయలేదు. వచ్చే మంగళవారం అని చీటీ మీద తేదీ వేసి వెళ్లిపోయారు.

ఇప్పుడు నా అంచు పగిలింది. లోపలి ముఖం కనిపించే కొత్త ప్లాస్టిక్ మాస్కులు వచ్చాయి. నన్ను పనికిరాని సామాన్ల గదిలో పడేశారు. పడెయ్యండి, నాకేం బెంగ లేదు. నన్ను వీపు వెనక దాచి ఒక మనిషిని బతికించారు. దాన్ని ఏ చెత్తలో వేస్తారు?

చీటీ మీద వేసిన ఆ మంగళవారం సుభాషిణి మళ్లీ తలుపు దగ్గరకు వెళ్లి, ఏం పెట్టావని అడిగింది.

"ఒట్టమ్మా, ఏటీ ఎట్టనేదు" అంది చిన్నమ్మలు, నీరసంగా గోడకు ఆనుకుని. "ఆడికి ఎట్టేత్తానేమో అని బయమేసి, నానూ వండుకోనేదు."